చెవిగిన్నెలో కరిగిన మట్టి

ఇందుమతికి కూతురి ముఖం గుర్తుంది. గొంతే గుర్తులేదు.

ముఖానికేం, గోడమీద ఫొటోలున్నాయి. గొంతుకు ఫొటోలెక్కడివి? గుమ్మిమెట్ట మీదికి కరెంటే కొత్తగా వచ్చిన రోజులవి. టేపురికార్డరు చూడాలంటే కొండ దిగి, బస్సెక్కి, పట్నంలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళాలి. మృదుల బతికింది ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ నోటికి అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడింది. మన్యపు జ్వరం వచ్చి ఆ వాగుడు ఆపేసింది. తర్వాత చాలాకాలం ఆ గొంతు ఇందుమతి చెవుల్లో తిరుగుతూనే ఉండేది. వంట చేస్తుంటే వెనకనుంచి పిలిచేది, నీళ్ళు తోడుతుంటే బావిలోంచి పిలిచేది. ఒక వానాకాలంలో అది సన్నబడింది. మరో వానాకాలానికి ఆనవాలు లేకుండా పోయింది. ఇప్పుడు మృదుల కలలోకి వస్తుంది, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, పెదాలు కదుపుతుంది. మాట మాత్రం రాదు. ఏమంటోందో తెలియక తల్లి తెల్లవార్లూ ఆ పెదాలకేసి చూస్తూ ఉంటుంది.

భర్త పైడిరాజును అడగవచ్చు. కానీ ఎలా అడుగుతుంది? పిల్ల పోయిన నాటినుంచీ అతను దాని పేరెత్తలేదు. పైడిరాజు ఆమెకు సొంత మేనబావ, లాగూల నాటినుంచీ ఎరిగినవాడు. సంతలో బెల్లం బేరమాడుతూ పొద్దు గూకేదాకా మాట్లాడగలడు. కూతురి ఊసు వస్తే మాత్రం తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని తోటల్లోకి వెళ్ళిపోతాడు. మా బావది రాతిగుండె అని ఇందుమతి ఏనాడో తీర్మానం చేసేసుకుంది. రాతిగుండెతో కాపురం అంత కష్టమేమీ కాదు, వేళకింత వండిపెడితే సరిపోతుంది.

ఇద్దరికీ గుమ్మిమెట్ట అటవీ పరిశోధన క్షేత్రంలోనే ఉద్యోగం. కొండవాలు మీద నాలుగు తోటలున్నాయక్కడ. ఒకటి నీలగిరి, ఒకటి టేకు, ఒకటి సిల్వర్ ఓక్. నాలుగోది ఎవరూ నాటనిది. ఇప్ప, మద్ది, కరక, నేరేడు తమంతట తాము కలిసిమెలిసి పెరిగిన పాత అడవి ముక్క. ప్రతి తోటలోనూ సగానికి ఏటేటా యూరియా, సూపర్ ఫాస్ఫేటు చల్లుతారు, సగానికి చల్లరు. ఎరువు పడిన సగంలో చెట్లు అత్తారింట్లో మేసిన కొత్తల్లుళ్ళలా నిగనిగలాడేవి. వాటి చుట్టుకొలతలు చూసుకోవడం, ఎరువు వేయించడం పైడిరాజు పని. ఆ చెట్లు తమ కింద మట్టిని ఏం చేస్తున్నాయో చూడటం ఇందుమతి పని. “చెట్టు పైసగం మా బావది, కిందిసగం నాది” అని పెళ్ళైన కొత్తలో అందరికీ చెప్పి నవ్వేది.

మట్టిని ఏం చూస్తారని అడిగేవాళ్ళకు ఆమె ఒక బెడ్డ తీసి అరచేతిలో పెట్టేది. శనగగింజంత బెడ్డ. చెట్టు వేళ్ళు జిగురిస్తాయి, కంటికి ఆనీ ఆనని బూజుపోగులు దారాలు అల్లుతాయి, వానపాములు పిసుకుతాయి, పొరమీద పొర చేరి దుమ్ము బెడ్డవుతుంది. బెడ్డకూ బెడ్డకూ మధ్య సందుల్లో గాలీ నీరూ కాపురముంటాయి. కొండ జారకుండా, కిందికి పారే గెడ్డ ఎండకుండా ఉండేది ఈ బెడ్డల పుణ్యమే. అది ఎంత గట్టి ఇల్లో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. ఎండిన బెడ్డను సన్నజల్లెడ మీద పెట్టి నీళ్ళలోకి దించి, ఎంతసేపటికి విడిపోతుందో చూడటం. ఇందుమతి పదేళ్ళుగా అదే చూస్తూ కూర్చుంది. కళ్ళు లాగేస్తుంటే ఒకనాడు ఆమెకు బుద్ధి పుట్టింది. చూడటమెందుకు, బెడ్డలోంచి గాలిబుడగలు వచ్చే చప్పుడు వింటే పోదా? పెళ్ళినాటి కంచుగిన్నె ఇంటినుంచి తెచ్చి, పాడైన యంత్రంలోంచి ఊడదీసిన, చప్పుడు పట్టే స్ఫటికపు ముక్కొకటి దాని అడుగున అతికించి, తీగలు లాగి, చెవులకు తగిలించుకుంది.

ఆనాడు తుంపర పడుతోంది. ఇప్పచెట్టు కింద, ఎరువు పడని సగంలో తీసిన బెడ్డ అది. నీళ్ళలోకి దించగానే బుడగలు చిటపటలాడాయి. ఆ తర్వాత బుడగల వెనకనుంచి దబ్, దబ్ అని దంపుడు వినబడింది. దంపుడు మధ్యలో ఒక ఆడమనిషి ఊపిరి, ఊపిరి మధ్యలో ఒక పాట. ఇందుమతి చెవులనుంచి తీగ తీసేసి కిటికీలోంచి చూసింది. బయట ఎవరూ ఏదీ దంచడం లేదు. వసారాలో మట్టి జల్లించే బుద్రి ఒక్కతే కూర్చుని ఉంది.

“బుద్రీ, ఒక్కసారి ఇలా వచ్చి ఇది విను.”

బుద్రి చేతులు చీరకు తుడుచుకుని వచ్చి విన్నది. వింటూ వింటూ బల్ల పట్టుకుంది.

“మాయమ్మే అమ్మగోరూ! ఇప్పపూలు దంచతంది. ఆ పాట మాయమ్మ తప్ప ఇంకెవులూ పాడరు.”

“మీ అమ్మ ఏ ఊళ్ళో ఉంటుంది?”

“ఊరేటమ్మా? సచ్చిపోయి శానా ఏళ్ళయినాది. ఆ సెట్టు కిందే దంచీది.”

పాట సన్నబడింది, తెగింది. గిన్నెలో బెడ్డ లేదు. నీళ్ళ అడుగున ఎర్రటి పూత మిగిలింది.

“మల్లీ ఎయ్యండమ్మా” అంది బుద్రి.

“వెయ్యడానికి లేదు బుద్రీ. కరిగిపోయింది.”

బుద్రి గిన్నెలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఎర్రనీళ్ళలో వేలు ముంచి రెండు కళ్ళకూ రాసుకుని, జల్లెడ దగ్గరకు వెళ్ళిపోయింది. ఇందుమతి గిన్నె కడిగి మరో బెడ్డ తీసింది.

ఆ చలికాలమంతా ఆమె మట్టి వింటూనే గడిపింది. పోగులు పొర అల్లే వేళకు చుట్టూ ఏ చప్పుడు ఆడుతుంటే ఆ అదురు పొరలో ఉండిపోతుంది. నీరు చొరబడి లోపలి గాలిని తరిమితే, సన్నాయి బెజ్జాల్లోంచి ఊపిరి వచ్చినట్టు ఆ చప్పుడు బయటికొస్తుంది. వచ్చేది ఒక్కసారే. టేపులోకి ఎక్కించబోతే ఉత్త బరబర. విన్నవాళ్ళ చెవిలో మిగలాలి, లేదా పోవాలి. పనివాళ్ళు ఆ గిన్నెకు చెవిగిన్నె అని పేరు పెట్టారు.

చెట్టు చెట్టుకూ తేడా. మద్ది కింది మట్టిలో పాత వానలుండేవి, ఏ ఏటివో, ఇప్పుడు కురుస్తున్నట్టే. టేకు కింద మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. సిల్వర్ ఓక్ కింద గాలీ, మేకల మెడగంటలూ తప్ప మరేమీ ఉండేవి కావు. నీలగిరి బెడ్డ నీళ్ళనే ముట్టేది కాదు, కాసేపు అలిగినట్టు తేలి, తర్వాత ఏమీ చెప్పకుండా మునిగేది. అన్నిటికంటే కరక కింద మట్టి మాటకారి, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా పలికేది. ఎరువు పడిన సగానికి వస్తే మాత్రం ఏ చెట్టైనా ఒకటే. బెడ్డ పెట్టీ పెట్టగానే బుస్సుమని ఒక శబ్దం, అంతే. చెట్టు తన బువ్వలో కొంత పోగులకు పెట్టి, వాటిచేత మట్టిలో చాకిరీ చేయించుకుంటుంది. ఎరువు రూపంలో కూడు నోటికే వచ్చిపడుతుంటే ఇంక వాటికి పెట్టడం దేనికి? పెట్టని ఇంట్లో పనివాళ్ళు నిలవరు. పోగులు చచ్చిపోతాయి, అవి కట్టిన పాత ఇళ్ళు కూడా ఒక్కొక్కటే కూలిపోతాయి.

కబురు దాచితే దాగుతుందా? బుద్రి చెప్పింది ఒక్కరికే, ఆ ఒక్కరూ సంతలో చెప్పారు. జనం కొబ్బరిచిప్పల్లో, తుండుగుడ్డల్లో మట్టి మూటగట్టుకుని చెవిగిన్నె ముందు వరస కట్టారు. ఒకామె మొగుడి దగ్గు విని మురిసిపోయింది. ఒక ముసలాయన తమ్ముడితో ఆడిన చివరి తగువు విని, రెండోది వినకుండా లేచిపోయాడు. ఒకసారి విన్నవాళ్ళకు మళ్ళీ వినాలనిపించేది. ఇప్పచెట్ల మొదళ్ళన్నీ పందులు కుళ్ళగించినట్టు గోతులయ్యాయి. తొలకరి జోరువానకు కొండవాలు కరిగి, గెడ్డ నెత్తురులా ఎర్రగా పారింది. దిగువ ఊళ్ళలో బిందెలు ముంచుకోవడానికి మంచినీళ్ళు లేకుండా పోయాయి.

డైరెక్టరు పరమేశంగారు మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. ఇందుమతిని పిలిచి కూర్చోబెట్టాడు.

“పోయినవాళ్ళ గొంతు కోసం ఉన్నవాళ్ళ గొంతు ఎండగడతామా అమ్మా? జనానికి ఇంక వినిపించొద్దు. నీ నివేదికకు ఎన్ని కావాలో అన్నే చూసుకుని గిన్నె బీరువాలో పెట్టెయ్యి.”

ఇందుమతి సరేనంది. న్యాయమైన మాటే. కానీ ఆమె ఇంకా తన మట్టి వినలేదు.

ఎందుకు వినలేదంటే భయం చేత. పాత క్వార్టరు వెనక ఒక పనసచెట్టుంది. మృదుల పుట్టినప్పుడు ఇందుమతి అత్తగారు, అంటే ఆమె మేనత్తే, బిడ్డ వెంట వచ్చిన మావిని అక్కడ గొయ్యి తీసి పాతి, పైన పనసమొక్క నాటింది. మావి పాతిన చోట చెట్టుంటే బిడ్డ ఎక్కడికీ పోదని ఆవిడ నమ్మకం. మృదుల నడక నేర్చింది ఆ మొక్క చుట్టూ, మట్టి వంటలు వండి ఆడింది దాని నీడన, చివరి జ్వరం వచ్చింది కూడా అక్కడ ఆడుకుంటూ ఉండగానే. పిల్ల పోయాక ఇందుమతి ఆ ఇంట్లో ఉండలేనంటే పైవరస క్వార్టరుకు మారిపోయారు. పాతిల్లు పనిముట్ల కొట్టయింది. ఆమె మళ్ళీ అటు అడుగుపెట్టలేదు. కానీ లెక్క ఆమెకు తెలుసు. అంత మాటకారి పిల్ల ఆరేళ్ళు కూర్చున్న మట్టి అది. అందులో కూతురి గొంతు బుట్టలకెత్తేటన్ని బెడ్డలుగా ఉండి తీరాలి. ఉన్నదన్న నమ్మకంతోనే కొన్ని నెలలు గడిపేసింది. ఇప్పుడు గిన్నె బీరువాలోకి పోతుంది. ఇంక ఆగడానికి లేదు.

మంచు విడీవిడని ఒక ఉదయం తాపీ, గుడ్డసంచీ పట్టుకుని వెళ్ళింది. చెట్టును చూసి ఆనవాలు పట్టలేకపోయింది. మొదలు కౌగిలికి అందడం లేదు. నేల తాకేదాకా కాయలు వేలాడుతున్నాయి. చుట్టూ ఎవరో గుండ్రంగా పాదు తీసి, గట్టు కట్టి, ఒక్క ఎండుటాకైనా లేకుండా ఊడ్చి పెట్టారు. కొట్టు కాపలావాడెవరో పనిమంతుడై ఉంటాడనుకుంది. మోకాళ్ళమీద కూర్చుని తాపీ దించింది.

పైన పొడి. దానికింద రేకులాంటి గట్టిపెచ్చు. బెడ్డలకోసం వెతుక్కోవలసి వచ్చింది. పిల్ల నుదుటిమీద చెయ్యి వేయగానే తల్లికి జ్వరం తెలిసినట్టు, ఆ మట్టి ముట్టుకోగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. తెలిసినా ఒప్పుకోలేక లోతుకు తవ్వి, దొరికిన నాలుగు బెడ్డలూ ఏరుకుని ప్రయోగశాలకు పరుగులాంటి నడకతో వచ్చింది.

మొదటి బెడ్డ టీలో ముంచిన బిస్కెట్టులా జారిపోయింది. బుస్సుమంది. రెండోదీ అంతే. మూడోది పెట్టేముందు ఆమె కళ్ళు మూసుకుని కూతురిని బతిమాలింది. “ఒక్కసారే తల్లీ. ఏదైనా అను. అమ్మ మీద కోపమున్నా సరే, అదే అను.” బుస్సుమంది. ఆఖరి బెడ్డ చాలా లోతునుంచి తీసినది. అది నీటిని తాకకముందే వేళ్ళమధ్య పొడైపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామూలుగా అడగాలనే అనుకుంది.

“బావా, పాత క్వార్టరు వెనక పనసకు పాదు ఎవరు తీస్తున్నారు?”

అన్నం కలుపుతున్న పైడిరాజు చెయ్యి ఆగింది.

“నానే.”

“ఎరువు కూడా నువ్వేనా?”

“పిల్ల పోయిన ఏడాది ఎండలకి సెట్టు ఆకంతా రాల్చీసినాది ఇందూ. సచ్చిపోద్దేమోనని గుండె జారిపోయింది. సంచుల అడుగున మిగిలిపోయింది గుప్పెడు తెచ్చి ఏసినాను. సిగురేసింది. ఇంకప్పటినుంచీ ఎయ్యడం మానబుద్ధవ్వలేదు.”

“ఇప్పటికీ వేస్తున్నావా?”

“ఆదోరం ఆదోరం.”

“ఆకులెందుకు ఊడుస్తున్నావు?”

“పురుగూ పుట్రా సేరతాది కదేటి. పాప ఆడుకున్న సోటు. నీటుగా ఉండొద్దా?”

కొండమీద ఎరువు ఎక్కడ ఎంత వెయ్యాలో ముప్ఫయ్యేళ్ళుగా చూసినవాడు. చెట్టుకు ప్రేమ చూపించడమంటే అతనికి తెలిసిన దారి అదొక్కటే. పాదు తవ్వడం, ఊడ్చడం, పిడికెడు వెయ్యడం. ఏ రైతైనా మెచ్చుకునే పనే. ఆ సంగతి ఇందుమతికి తెలియనిది కాదు. కానీ ఆ నిమిషంలో ఆమెకు ఏ తెలివీ మిగల్లేదు.

“దాని గొంతు ఆ మట్టిలో ఉంది బావా. ఉండేది. ఒక్కసారి వినాలని నేను... నువ్వు ఆదివారం ఆదివారం దాన్ని తుడిచేశావు. నా పిల్లను మళ్ళీ చంపేశావు.”

పైడిరాజు కంచంలోనే చెయ్యి కడుక్కుని, తుండుగుడ్డ తీసుకుని బయటికి నడిచాడు. అతను ఎన్నో ఏళ్ళ తర్వాత పాప అనే మాట పలికాడని ఇందుమతి గమనించనే లేదు.

ఆపైన ఆ ఇంట్లో గిన్నెలు మాట్లాడుకునేవి తప్ప మనుషులు మాట్లాడుకోలేదు. అన్నం ఉడికేది, ఇద్దరూ తినేవారు, దీపం ఆరేది. కొండమీద మంచు ఇంట్లోకీ దిగినట్టుండేది. అన్నిటికంటే పెద్దదెబ్బ ఏమంటే, మృదుల కలలోకి రావడం మానేసింది. పెదాలు కదిపే ఆ మూగపిల్ల కోసం కూడా ఇందుమతి మొహం వాచిపోయింది. మధ్యాహ్నపు నిద్రల్లోకి జారుకుని చూసేది. అక్కడా ఎవరూ లేరు, ఊడ్చిన నేల తప్ప.

నివేదిక మాత్రం ఎవరి ఏడుపు కోసమూ ఆగదు. పరమేశంగారు రెండుసార్లు కబురు చేశాక ఆమె మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. ఏడుపు ఏడుపే, లెక్క లెక్కే. పెరటిచెట్టుకు మోతాదు మించి ఎరువు పడితే మట్టి ఏమవుతుందో చెప్పడానికి ఆ పనసను మించిన సాక్ష్యం కొండమీద లేదు. దాన్ని నివేదికలో చేర్చాలి. చేర్చాలంటే జత నమూనా కావాలి. ఆమె పనిలో అది తప్పని నియమం, ఎరువు పడిన చోట ఒక చారెడు తీస్తే, పక్కనే ఎరువు పడని చెట్టు కింద మరో చారెడు తీయాలి. పక్కపక్కన పెట్టి చూడనిదే ఏదీ రుజువు కాదు.

మళ్ళీ వెళ్ళింది. ఈసారి పనసకేసి చూడకుండా పాదు గట్టు దాటి, అవతల, పాతిల్లు ఖాళీ అయ్యాక మొలిచిన కరకచెట్టు కింద కూర్చుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఏళ్ళ ఆకులు పొరలు పొరలుగా నాని మెత్తటి పరుపులా ఉన్నాయి. మొదలుకు ఆనుకుని ఒకచోట ఆకు అణిగి, మనిషి కూర్చునేంత మేర నున్నగా ఉంది. పశువులకాపరులు చేరుతుంటారు కాబోలనుకుని ఆ పక్కనే ఆకు తొలగించింది. అడుగున మట్టి నల్లగా, చల్లగా, తెల్లటి పోగులతో కలిసి ఉంది. వానవాసన వేసింది. బెడ్డలు ఒకదాన్నొకటి పట్టుకుని సంచిలోకి బిలబిలమని రాలాయి.

వాటిని ఆరబెట్టి ఒకదాన్ని చెవిగిన్నెలో దించింది. ఏమీ ఆశించలేదు. చేతిలో కలం కూడా పట్టుకునే ఉంది.

బెడ్డ చెక్కుచెదరలేదు. బుడగలు ఒక్కొక్కటే తీరిగ్గా వచ్చాయి. ఆకుల గలగల వినబడింది. తర్వాత ఒక దగ్గు. ఇందుమతి కలం కింద పెట్టింది. ఆ దగ్గు పక్కన ఆమె సగం జీవితం నిద్రపోయింది.

“ఏటే గుంటా” అంది మట్టిలోంచి పైడిరాజు గొంతు. “బాగున్నావేటి? ఈ ఆదోరం ఆలిస్సెమైపోయింది. కోప్పడకు.”

కొంచెంసేపు ఆకుల చప్పుడు.

“రాతిరి మీయమ్మ మల్లీ నిద్దరోలేదే. నువ్వు కల్లోకెల్లినావు కావాల. లేసి కూకుని ఏడిసింది. నీ పేరెట్టి పలకరిద్దామని నోటిదాకా వొచ్చింది నాకు. మరీ ఏడుస్తాదని బయమేసి అటు తిరిగి పడుకున్నాను. నాను పిరికోణ్ణి కదే.”

ఇందుమతి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“నువ్వుంటే ఏటనీదానివి? ఉండు, అంటాను. తప్పైతే సెప్పు.” పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఆ యాభయ్యేళ్ళ మనిషి ముక్కుతో, సన్నగా, చివర సాగదీస్తూ పిలిచాడు. “‘అమ్మా! కూరుడికిపోనాదీ, బేగీ రాయే! సల్లారిపోతే నన్ననకూ!’ అలగే కదే? ఆఁ, అలగే. రోజూ ఓపాలి అనుకుంటన్నానే మరిసిపోకుండా. నాను కూడా మరిసిపోతే ఇంకెవులికి తెలుస్తాది సెప్పు.”

అతను నవ్వాడు. నవ్వు మధ్యలో బెడ్డ విచ్చుకుంది. నీళ్ళు మసకబారాయి.

సంచిలో ఇంకా చారెడు బెడ్డలున్నాయి. కరక కింద బండెడున్నాయి. ఎన్ని ఆదివారాలో, ఎన్ని కబుర్లో. ఇందుమతి చెయ్యి రెండో బెడ్డ మీదకు వెళ్ళింది, వెళ్ళి ఆగిపోయింది. తనేం చేస్తోంది? పోయినవాళ్ళ గొంతు వినడానికి కదా ఈ గిన్నె. ఈ మనిషి పోలేదు. కూతవేటు దూరంలో ఉన్నాడు. రోజూ తను వండిన అన్నమే తింటున్నాడు. ఇన్నేళ్ళూ కూతురి గొంతును తన గొంతులో పెట్టుకుని, ఒలికిపోకుండా మోసుకు తిరుగుతున్నాడు. అలాంటివాడిని పట్టుకుని తను ఎంతమాట అంది!

తీగలు ఊడదీసి అక్కడే పడేసి బయటికి నడిచింది. ప్రయోగశాల తలుపు వేసిందో లేదో కూడా చూసుకోలేదు. పొద్దు వాలుతోంది. మంచు దారికడ్డంగా తేలుతుంటే దాన్ని దాటుకుంటూ, మధ్యలో ఏడుస్తూ, ఇల్లు చేరింది.

పైడిరాజు పెరటిమెట్టు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్నాడు. ఆమెను చూసి తలదించుకుని, నూరుడురాయి మీద మళ్ళీ నీళ్ళు చల్లాడు. ఇందుమతి వెళ్ళి అతని పక్కన మెట్టు మీద కూలబడింది.

“నాదే తప్పు బావా. ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

అతను కొడవలి పక్కన పెట్టాడు. ఏం జరిగిందో తెలియక ఆమె ముఖంలోకి చూశాడు.

“ఒక్కసారి అను” అంది.

“ఏటనమంటావు?”

“పాప ఎలా పిలిచేదో అలా. కరకచెట్టు కింద కూర్చుని అంటావే, అలా.”

పైడిరాజు ముఖం ఎర్రబడింది. దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా అటూ ఇటూ చూశాడు. “ఓలమ్మో, అదీ ఇనీసినావేటి” అన్నాడు. సిగ్గుపడ్డాడు. గొంతు బాగోలేదన్నాడు. ఎవులైనా సూస్తే నవ్వుతారన్నాడు. ఇందుమతి అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది, వదల్లేదు. చివరికి అతను కళ్ళు మూసుకున్నాడు.

“అమ్మా! కూరుడికిపోనాదీ, బేగీ రాయే!”

మొదట వినబడింది బొంగురు మగగొంతే. దాని వెనకే, నాన్న వేలు పట్టుకుని ఒక్క అడుగు ఆలస్యంగా పరుగెత్తుకొచ్చినట్టు, ఇందుమతి చెవుల్లోకి అసలుది వచ్చేసింది. ఆ ముక్కుతో పలకడం, ఆ సాగదీత, ఆ దబాయింపు, పాలపన్ను ఊడిన సందులోంచి జారిన ఆ గాలి. ఏదీ పోలేదు. అంతా ఉంది. ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. అయినా పిలిచిన పిల్ల ఎదురుచూస్తుంటుంది కదా, జవాబు చెప్పాలి.

“వస్తున్నానే తల్లీ” అంది. “ఈరోజు కూరేంటి?”

పైడిరాజు కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు మీసాల మీదికి దిగుతున్నాయి. గొంతు మాత్రం ఆరేళ్ళ గొంతులాగే నిలబెట్టుకున్నాడు.

“మట్టి పులుసూ! ఉప్పు సరిపోనాదో లేదో సూడూ.”

ఇందుమతి అరచెయ్యి చాపింది.